కవరు బొమ్మ మీది చిలుకలు

మొన్న హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. సూరత్‌ల ఉధ్నా స్టేషన్ల దిగి, ఆటోలు మారి, మా గల్లీల ఇద్దరినో ముగ్గురినో అడిగి మా రూము ముంగట నిలబడ్డది. మెడల గోలీలంత పూసలు, ఒంటి మీద చేత్తో నేసిన ముతక చీరె. కరెంటు మగ్గాల ఊరికి చేనేత చీరె కట్టుకొని వచ్చినవా తల్లీ, మా నోట్లె మన్ను కొట్టనీకే అనుకొని లోపలికి పిలిసిన. ఆమె పని ఏందంటే, పాత వారపత్రికల మీద అచ్చయిన రంగు బొమ్మలు జమ చేసుడు. వాటికి అద్దాలు కట్టించి, పెద్ద హాలుల గోడలకు పెట్టి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క లైటు వేసి, మందిని పిలిచి చూపిస్తదట. సూరత్‌ల రాజవ్వ తాన, అంటే నా తాన, ఒక రేకు పెట్టె నిండ ఉన్నయని మా ఊరోల్లు ఎవరో చెప్పిండ్లట. ఉన్నయి మరి. పత్రికలు కాదు, వట్టి కవర్లు. లోపటి కాగితాలు ఎన్నడో కొన్ని పొయ్యిలకు పోయినయి, కొన్ని పిల్లల ముడ్లు తుడిచినయి. సదువుకున్నోల్లకు గది చెప్తే మొఖం ఎట్లనో పెడ్తరు గని, మా కాలంల కథల పుస్తకానికి అంతకన్న మర్యాద దొరకలే.

మేడం ఒక్కొక్క కవరును రెండు వేళ్లతోని, పసిగుడ్డును ఎత్తినట్టు ఎత్తి చూసింది. "అమ్మా, ఈ గీత చూడండి, ఎంత నాజూకుగా ఉందో! ఈ చీర మడత చూడండి! ఇప్పుడు ఎవరు గీస్తారమ్మా ఇలాంటివి?" అన్నది. ఆమె చేతుల ఉన్నది చిలుకల చీరె కట్టుకున్న ఆడిమనిషి బొమ్మ. "నాజూకే బిడ్డా," అన్న, "ఆ నాజూకు బొమ్మనే మా ఇంటాయన చెవులు తిన్నది." మేడం మురిపెంగ నవ్వింది. ముసలిదాని ముచ్చట అనుకున్నట్టున్నది. కడమ కవర్లన్ని కట్ట కట్టి ఇచ్చిన, ఆ ఒక్కటి ఇయ్యలే. ఎందుకియ్యవమ్మా అని బతిమాలింది. చెప్పాల్నంటే నేను పెండ్లయి సూరత్ వచ్చిన దినాల కాడికి పోవాలె, నీ రైలు పోతది అని సాగదోలిన. ఆమె పోయిన రెండు దినాలకు నా మనుమరాలు స్వాతి ఫోన్ తెచ్చి నా మూతి ముంగట పెట్టింది. "నువ్వు చెప్పు బాపమ్మా, ఇదే రాస్కుంటది. తప్పులుంటే నేను దిద్దుత" అన్నది. నీ తెలుగుల సగం హిందీ, సగం గుజరాతీ, నా తప్పులు నువ్వు దిద్దుతవా అన్న. అయినా చెప్తున్న.

గప్పుడు మేం ఉన్నది కూడా ఉధ్నాలనే. పన్నెండు రూముల లైను, ముంగట ఒక్కటే నల్లా. అందరం కరీంనగరు దిక్కు నుంచి వచ్చిన నేత పనోల్లమే. పొద్దుగాల లేస్తే గంజి వాసన, సాంచె నూనె వాసన, బీడీ వాసన. సాంచె అంటే కరెంటు మగ్గం, మేం గట్లనే అంటం. మొగోల్లు పన్నెండు గంటలు సాంచెల మీద నిలబడి, ఒంటి నిండ దూది నూగుతోని ఇంటికొస్తే, ముసలోల్లయి వచ్చినట్టు కనబడేది. మీసాలు తెల్లగ, కనుబొమ్మలు తెల్లగ. నీళ్లు పోసుకున్నంక మల్ల వయసు దిగేది. కొత్త పెండ్లాం కదా, నాకు అది మస్తు తమాషా అనిపించేది. పది దినాలకు తమాషా పోయింది, బకెట్ల నీళ్లు మోసుడు మిగిలింది.

ఊరి నుంచి ఎవరు రైలెక్కినా మా మామ కోసం వారపత్రిక పట్టుకొచ్చేటోల్లు. లైనంతల గడగడ సదివే పెద్దమనిషి మా మామ ఒక్కడే. కండ్లద్దాలకు ఒక దిక్కు కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకునేటోడు. సెలవు దినాన గోనె పట్ట పరిచి, చుట్టూత అందరు కూసుంటే, సీరియల్ కథ పెద్దగ సదివేటోడు. కథల మొగోడు ఆడిదాని చెయ్యి పట్టుకునే కాడికి వచ్చిందంటే మామకు దగ్గు వచ్చేది. దగ్గు తగ్గేటాలకు ఆల్లకు పెండ్లయి పిల్లలు పుట్టేటోల్లు. మా ఇంటాయన పండ్లు బిగవట్టి నవ్వాపుకునేటోడు. నాలుగో రూము లచ్చక్క మాత్రం ఊకోకపోయేది, "మామా, ఆ దగ్గు కాడ ఏం రాసిండో జర చెప్పరాదు" అని అడిగేది. మామ అద్దాలు తీసి తుడుసుకునేటోడు.

సదువుడు అయినంక పత్రిక పన్నెండు రూములు తిరిగేది. ఒకరు వంటల కాగితం చింపుకునేది, ఒకరు రాశిఫలాలు. నాకేమో అచ్చరం ముక్క రాదు, సంతకం ఒక్కటి మా ఇంటాయన నేర్పిండు. అందుకే కవరు నాది అని ఒప్పందం. అదేం దయ కాదు. సదువుకునేదంత ఆల్లు తీస్కొని, సదువలేంది నాకిచ్చిండ్లు. గని నాకు అదే మస్తు. కొత్త కవరును ముక్కు కాడ పెట్టుకుంటే కిరసనాయిలు, జిగురు కలిసినట్టు ఒక వాసన. రంగులు ఒకదాని మీద ఒకటి జరిగి, కొన్నిసార్లు ఆడిమనిషి పెదవుల ఎరుపు పెదవుల మీద కాకుండ ముక్కు కింద అచ్చయ్యేది. మీసం పెంచినట్టు. నేను అవి కూడ పారెయ్యలే. ఆమెకు కూడ ఒక కష్టం ఉన్నది, బతకనీ అనుకున్న.

ఎందుకంటే కవరు మీది ఆడోల్లకు కష్టం అనేది ఉండదు. కడవ మోస్తది, బొట్టు నీళ్లు ఒలకయి. పొయ్యి కాడ కూసుంటది, చీరె కుచ్చిల్లు నలగయి. నడుము ఇంత సన్నం, కండ్లు చెవుల దాక. ఎప్పుడు చూసినా దర్వాజకు ఆనుకొని ఎవని కోసమో ఎదురు చూస్తది. నేను ఎదురు చూసేది నల్లా కోసం. ఆ నల్లా కాడ లైన్ల నిలబడ్డ ఆడిదాని బొమ్మ ఏ బొమ్మలోడు గియ్యలే. గీస్తే ఎవరు కొంటరు, రోజు చూసే మొఖాలే కదా! మా అత్తకైతే ఇంకొక తిక్క. కవరు మీద ఏ ఆడిమనిషి చేతుల దీపం కనబడినా ఆమె లక్ష్మీదేవే. ఎంటనే కుంకుమ తెచ్చి నొసట పెట్టేది. ఒకసారి దీపం పట్టుకున్న పిల్ల జుట్టు ఇరబోసుకొని, పైట సగం జారి ఉన్నది. అత్త కుంకుమ పెట్టి, "గిదేం లక్ష్మి, సిగ్గు లేదు" అని తిట్టి, మల్ల దండం పెట్టింది. మొన్న మేడం ఆ కవరు చూసి "అయ్యో, ఇక్కడ మరక పడిందమ్మా" అన్నది. అది మరక కాదు, మా అత్త భక్తి అని చెప్పిన.

ఇగ చెవుల ముచ్చట. సాంచెల చప్పుడు విననోల్లకు చెప్తే అర్థం కాదు. ఒక్క షెడ్డుల నలబై సాంచెలు ఒక్కపారి కొట్టుకుంటయి. మా ఇంటాయన ఇంట్ల కూసున్నప్పుడు కూడ "ఎవరో సాంచె బంద్ చెయ్యలే" అనేటోడు. ఎవరు లేరు, సాంచె ఆయన ఎడమ చెవిల నడుస్తాంది. ఆ చెవు సగం పోయింది. షెడ్డుల పెద్ద వయసోల్లు చెప్పిండ్లు, మొదాలు ఒకటి పోతది, రెండోది దాని ఎనుకనే పోతది, తప్పించుకోనీకె ఒక్కటే తీరు, మీదికి ఎక్కుడు. మీదికి అంటే మేడ మీదికి. షెడ్డు మీద ఒక అద్దాల రూము ఉండేది. ఆడ గళ్ల కాగితం మీద చీరెల డిజైన్లు గీసేటోల్లు. గడి గడికి రంగు నింపితే, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడ్తరు, ఆ అట్టలు సాంచె మీద ఎక్కిస్తే బొమ్మ తానంతల తానే చీరెల పడ్తది. అద్దాల రూముల కుర్చీ, ఫ్యాను, తలుపేస్తే చప్పుడు సగం. ఆ కుర్చీల కూసున్న ముసలాయన పని బంద్ చేస్తున్నడని తెలిసి, మా ఇంటాయన కార్ఖానా సేఠ్ ముంగట నిలబడి "నాకు బొమ్మలు గీయవస్తది" అన్నడు. నిజంగనే వస్తది. బొగ్గుతోని గోడ మీద గీస్తే కోడి నడుస్తదేమో అనిపించేది. సేఠ్ అన్నడు, "కొంగు డిజైన్ ఒకటి గీసుకొని రా. నచ్చితే కుర్చీ నీది. నచ్చకపోతే సాంచె ఎటూ నీదే."

ఏం గీయాల్నో ఆయనకు పాలుపోలే. పెట్టె ముంగటేసుకొని కవర్లన్ని తీసిన. చిలుకల చీరె బొమ్మను నేనే ఏరిన, నేనే. ఆకుపచ్చ చీరె, ఎర్ర అంచు. ఛాతి మీద పైట అడ్డంగ పోతాంటే దాని మీద చిలుకలు వరుసగ కూసున్నయి. ఒక్కొక్క దాని ముక్కున ఒక్కొక్క మామిడి పిందె. చూస్తే అరుస్తయేమో అన్నట్టు. పది దినాలు డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, ఆ కవరును గోడకానిచ్చి గళ్ల కాగితం మీద దించుకున్నడు. కడపటి దినం సెలవు, పగటి పూట నేను పెంక మీద ఒక రొట్టె వేసి, జొన్న పిండి పిసుకుతున్న. కాగితం పట్టుకొని నా కాడికి వచ్చిండు.

"రాజవ్వా, జర లేసి నిలబడు. ఇది భుజం మీదికెల్లి పైట లెక్క వేస్కొని చూపియ్యి."

"చేతులకు పిండి కనబడ్తలేదా?"

"ఒక్క నిమిషమే. నాకేదో అనుమానం కొడ్తాంది."

"ఏం అనుమానం? పట్నంల కూసొని బొమ్మలేసేటోనికి తెల్వంది నీకు తెలుసా? కవర్ల ఎట్లుంటే అట్ల దించినవు కదా, ఇగ పో. రొట్టె మాడ్తది."

ఆయన కాగితం సుట్ట చుట్టి పోయిండు. రొట్టె మాడలే. మంచిగ కాలింది, గదొక్కటి చెప్పుకోవాలె.

సేఠ్ కాగితం చూసి మురిసిండు. చిలుకలు బతికున్నట్టు ఉన్నయన్నడు. రెండు మూడు చీరెలు నేయించిండు. మా ఇంటాయన మేడ మీది కుర్చీల కూసోవడం మొదలుపెట్టిండు కూడ. పదిహేను దినాలు, మొత్తం పదిహేను దినాలు. ఇంటికొస్తే మీసాల మీద నూగు లేదు. "చెవిల సాంచె జర మెల్లగైంది" అన్నడు. నేను పొంగిపోయిన. నల్లా కాడ లచ్చక్కతోని, మా ఆయన ఇప్పుడు కుర్చీ మీద కూసుంటడు అని అడగకముందే చెప్పిన.

దీపావళి అయినంక కార్ఖానా మల్ల తెరిసే దినాన పూజ ఉంటది. సేఠ్ ఇంటోల్లు వచ్చి కొబ్బరికాయ కొడ్తరు, పనోల్లకు మిఠాయి పంచుతరు. మేం పెండ్లాలం, పిల్లలం కూడ పోయి లైన్ల నిలబడ్డం. సేఠ్ పెండ్లాం సేఠాణి మా చిలుకల చీరె కట్టుకొని కారు దిగింది. నా గుండె ఇంతయింది. గుజరాతోల్లు పైటను మా లెక్క ఎనుకకు వెయ్యరు. ఎనుక నుంచి కుడి భుజం మీదికెల్లి ముంగటికి తెచ్చి ఛాతి మీద పరుసుకుంటరు. కొంగంత ముంగటనే, అందరికి కనబడేటట్టు. ఆమె దగ్గరికి వచ్చినంక చూస్తే, చిలుకలన్ని కాళ్లు మీదికి, తలలు కిందికి. గబ్బిలాలు ఏలాడినట్టు ఏలాడ్తున్నయి.

అప్పుడు తెలిసింది మా బుద్ధి. కవరు మీది ఆడిమనిషికి ముంగటి దిక్కే ఉన్నది. ఛాతి మీద పైట కింది నుంచి మీదికి పోతది, బొమ్మలోడు ఆడ చిలుకలను నిలబెట్టిండు. ఆని బొమ్మ ఆని ఇష్టం. అదే పైట భుజం దాటి కిందికి దిగితే చిలుకలు తలకిందులు కావాలె కదా! మా లెక్క కట్టుకుంటే ఎనుక వీపు మీద ఏలాడేటివి, గుజరాతీ లెక్క కట్టుకుంటే సీదా ముంగటనే ఏలాడినయి. కవరు తిప్పి చూస్తే ఆమె వీపు ఉండదు, సబ్బు ప్రకటన ఉంటది. పుట్టిన కాడి నుంచి చీరె కట్టుకుంటున్న నాకెట్ల తెల్వలే అంటరా? మా అసోంటోల్ల చీరెల మీద ఉండేది చిన్న చిన్న పువ్వులు, చుక్కలు. వాటికి తల ఏదో తోక ఏదో దేవునికే ఎరుక, ఎట్ల కట్టినా ఒక్కటే. ఇగ ఆయనకు బట్ట తెలుసు, తానులు తెలుసు, సాంచె మీద పండుకున్న చీరె తెలుసు. మనిషి ఒంటి మీద నిలబడ్డ చీరెను చూసే తీరిక ఏ నేత పనోనికి ఉన్నది? అనుమానమన్న వచ్చింది. చూపియ్యి అని అడిగిండు. నేనే లేవలే.

సేఠాణి అత్తగారు ముసలామె, కారు కాడనే నిలబడి, "ఆ తో ఊంధా ఛే!" అన్నది. ఇవి తలకిందులున్నయి కదా అని. ఒకరు నవ్విండ్లు, మల్ల అందరు నవ్విండ్లు. సేఠ్ మా ఇంటాయన దిక్కు చూసి, "క్యా రే, తేరే పోపట్ సో రహే హై క్యా?" అని అడిగిండు, నీ చిలుకలు పండుకున్నయారా అని. ఆయన తల వంచుకొని నిలబడ్డడు. నా పెండ్లాం చెప్పింది అనలే, కవరు చూసి దించిన అనలే. మరునాటికెల్లి మల్ల సాంచె. లైన్లందరు ఆయనను పోపట్ అని పిలుసుడు మొదలుపెట్టిండ్లు. అది ఎక్కువ దినాలు సాగలే. పిలిస్తే ఇనబడాలె కదా.

రెండో చెవు పోవటానికి ఎక్కువ కాలం పట్టలే. ఇగ చూడుండ్రి మా సంసారం. ఆయనతోని ఏ మాటయినా నల్లా కాడికి ఇనబడేటట్టు మొత్తుకోవాలె. బనీను చినిగింది అంటే పదో రూము నుంచి సూది దారం వచ్చేది. కడుపుల ఎట్లున్నది అని అడిగితే ఆయన జవాబు చెప్పకముందే లచ్చక్క వాము నీళ్లు పట్టుకొచ్చేది. నా గొంతు గిట్ల బొంగురుపోయింది గందుకే, పుట్టుకతోని గాదు. గిట్లాంటి ఇంట్ల మొగనికి, ఆనాటి తప్పు నాది, నేను లేసి నిలబడితే నీ చెవులు ఉండేటివి అని ఎట్ల చెప్పాలె? చెప్తే పన్నెండు రూములకు చెప్పాలె. మెల్లగ చెప్తే ఆయనకు ఇనబడది. రెండు మూడుసార్లు తల వంచుకొని మెల్లగనే చెప్పిన. "ఆఁ? బియ్యం అయిపోయినయా?" అన్నడు.

ఇప్పుడు మా స్వాతి ఉన్నది. పర్వత్ పాటియా దిక్కు ఒక ఆఫీసుల కంప్యూటర్ మీద చీరెల డిజైన్లు చేస్తది. ఏసీ రూము, ఆ చెవిల ఒక తీగ, ఈ చెవిల ఒక తీగ. చప్పుడు తప్పించుకోనీకె మా ఇంటాయన కుర్చీ కోసం ఏడిస్తే, ఇది కుర్చీల కూసొని చప్పుడు కొనుక్కుంటది. తెర మీద చీరె కట్టుకున్న పిల్ల బొమ్మ ఉంటది. వేలుతోని గుంజితే గిర్రున తిరిగి వీపు చూపిస్తది. మా లెక్క కడ్తది, గుజరాతీ లెక్క కడ్తది, ఏమంటే అది చేస్తది. చేతికి పిండి ఉన్నదని అనది. మంచిగనే ఉన్నది. గని ఆ పిల్లలందరికి ఒకటే మొఖం. ముక్కు కింద పెదవి అచ్చయిన పిల్ల ఒక్కతి కూడ కనబడలే.

అసలు ముచ్చట చెప్పలే ఇంకా. రెండో చెవు కూడ పోయినంక, ఒకనాడు మా ఇంటాయన అన్నం డబ్బా మరిచిపోతే నేను పట్టుకొని షెడ్డులకు పోయిన. లోపట నా చెవులు నాకే లేకుండ పోయినయి. చూస్తే, ఆడ పనోల్లందరు ముచ్చట్లు పెట్టుకుంటున్నరు. నోటితోని చప్పుడు లేదు, పెదవులు మాత్రం ఆడిస్తున్నరు. ఈ సాంచె కాడి నుంచి అగో ఆ సాంచె కాడికి మాట పోతాంది, జోకులు పోతున్నయి, నవ్వుతున్నరు. సాంచె మీద పది ఏండ్లు నిలబడ్డోల్లకు ఇది వస్తదట. పెదవులు సదువ వచ్చిన మనిషి, ఇంట్ల మాత్రం నేను మొత్తుకుంటాంటే మజాగ ఇన్నడన్న మాట! కోపం వచ్చింది. కోపం పోయినంక బుద్ధి వచ్చింది. సూరత్ మొత్తంల మేమిద్దరం ఒంటరిగ మాట్లాడుకునే జాగ ఇదొక్కటే. నలబై సాంచెల నడుమ.

ఆయన ముంగట నిలబడి, ఒక్కొక్క మాటకు పెదవులు తిప్పి చెప్పిన. ఆనాడు పైట వేస్కొని చూపియ్యుమంటే నేను లేవలే. తప్పు నాదే. నీ చెవులు నేనే తిన్న. ఆయన నా నోటి దిక్కే చూసిండు, చివరి దాక. చూసి, నా చేతిల డబ్బా అందుకొని, ఏదో అన్నడు. చిన్న మాట కాదు, జర పెద్దదే. పెదవులు మెల్లగనే తిప్పిండు. నాకు అర్థం కాలే. నాకు అచ్చరాలే రావు, పెదవులెక్కడ సదువుత? ఏందీ అని చెయ్యి ఊపిన. అప్పుడే ఆయన సాంచెల దారం తెగింది, అటు తిరిగిండు. ఇంటికొచ్చినంక పెదవులతోని అడుగుదమంటే, ఆయన చెవిటి గొంతుతోని జవాబు పన్నెండు రూములకు చెప్తడు. రేపు అడుగుదం, డబ్బా పట్టుకపోయి అడుగుదం అనుకున్న. సిగ్గయింది. తరువాత సాంచె బంద్ చేసిండు, తరువాత మంచాన పడ్డడు, పోయి మూడేండ్లయితాంది.

మేడం వచ్చి పోయినంక నాకు ఊకె ఉండబుద్ధి కాలే. ఆయన పక్క సాంచె మీద చేసిన ఎంకటి ఆల్థాన్‌ల కొడుకు తాన ఉంటడు. ఆటో ఎక్కి పోయిన. మా ఇంటాయన పెదవులు ఆనాడు ఎట్ల కదిలినయో నాకు కండ్ల ముంగటనే ఉన్నది. ఒక్క తిప్పుడు కూడ మరిచిపోలే. నేను కూసొని, అట్లనే తిప్పి చూపించిన. "ఎంకటీ, నువ్వు సాంచె మనిషివి, ఇదేందో సదివి చెప్పు" అన్న. ఎంకటి అద్దాలు సదురుకొని మూతి దగ్గరికి వచ్చి చూసిండు. మల్ల చెయ్యుమన్నడు, చేసిన. ఇంకోసారి చేసిన. కొడుకు, కోడలు తలుపు కాడ నిలబడి, ముసలిదానికి మతి పోయిందని చూస్తున్నరు.

"వదినె," అన్నడు ఆఖరికి, "నీకు ముంగట పండ్లు లేవు. పెదవులు లోపటికి పోతున్నయి. ఏం సదువుదునే?"

నిన్న స్వాతితోని కట్టుడు పండ్లు పెట్టించుమని చెప్పిన. ఎన్నేండ్ల సంది అది బతిమాలుతాంటే వద్దు వద్దన్నదాన్ని. "ఏంది బాపమ్మా, మక్క కంకులు తినబుద్ధయితాందా?" అని నవ్వింది. అవునే, తినబుద్ధయితాంది అన్న. వచ్చే వారం కొలతలు తీస్తరట. ఎంకటికి దమ్ము రోగం ఉన్నది, రాత్రంత దగ్గుతడని కోడలు చెప్పింది. పండ్ల డాక్టరుకు జర జల్ది చెయ్యుమని చెప్పు బిడ్డా.